ఎంగిలి గంజి

కార్తీక మాసం మొదలైన వారంలోనే మా మగ్గం గుంటలోకి కప్ప వచ్చింది.

పొద్దున్నే పనికి కూర్చుని గుంటలోకి కాళ్లు దించాను. తొక్కుడు కర్ర మీద పాదం ఆనించబోతే మెత్తగా ఏదో తగిలి ఎగిరింది. దానితో పాటు నేనూ ఎగిరాను. పొయ్యి దగ్గరున్న మా అత్త ఆదిశేషమ్మ తల తిప్పకుండానే అడిగింది.

"ఏందిమే ఆ గెంతులు?"

"కప్ప, అత్తా."

"ఉంటే ఉండనీ. అదేమన్నా అన్నం పెట్టమనిందా?"

నవ్వి ఊరుకునేదాన్నే. కానీ గుంట గోడ మీద చెయ్యి వేస్తే మట్టి చెమ్మగా తగిలింది. పెద్ద తుఫాను పడ్డాక గుంట కాస్త చెమర్చడం మాకు మామూలే. ఈసారి వానలు ఇంకా సరిగ్గా మొదలవనే లేదు. అప్పుడు పట్టుకున్న దిగులు నన్ను క్రిస్మస్ దాకా వదల్లేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయన హజరత్తయ్య గుంటలోకి తొంగి చూశాడు. ఆయనా ఒకప్పుడు ఈ మగ్గం మీద నేసినవాడే. నాలుగేళ్ల కిందట దిగిపోయి, మా వీధి వెనక చంద్రమౌళి రొయ్యల గుంటల్లో పనికి కుదిరాడు. మేత చల్లడం, మోటార్లు వెయ్యడం, కట్టలు చూసుకోవడం ఆయన పని.

"మట్టి తోలించి పూడ్చేస్తే పోతాది. పైన బండలేస్తే మంచం పడతాది," అన్నాడు.

"నన్ను కూడా అందులోనే ఏసి పూడ్చు. మట్టి కలిసొస్తాది."

"నీతో మాట్లాడలేంమే. వెంకటశేషమ్మ పోతా ఉండలా? నువ్వూ పో. పొద్దున వ్యానొస్తాది, సాయంత్రం తెచ్చి దించి పోతాది. నీకేం నొప్పి?"

వెంకటశేషమ్మది మా ఎదురిల్లు. మగ్గం అమ్మేసి రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోతోంది. మా వీధి ఆడవాళ్లు చాలామంది ఇప్పుడు అక్కడే. తెల్ల టోపీ పెట్టుకుని, ఐసు నీళ్లలో చేతులు ముంచి, పొద్దస్తమానం నిలబడి ఒలవాలి. వాళ్లను తక్కువ చేసి మాట్లాడను, కడుపు నింపే పని ఏదైనా పనే. కానీ మగ్గం దగ్గర నన్ను లెమ్మనేవాళ్లు, కూర్చోమనేవాళ్లు ఎవరూ లేరు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక నాకంటూ దొరికిన చోటు అదొక్కటే. అది పోతుందంటే నాకు భయం. ఉన్నమాట చెబుతున్నాను.

ఆ భయం మొదలవక ముందే, దసరా రోజుల్లో, జయశీల టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నెల్లూరులో పనిచేసి రిటైరైన టీచరు. ఎప్పుడో మా అత్త నేసిన ఎర్రంచు తెల్ల నూలు చీర కొనుక్కుందట, ఆ రోజు అదే కట్టుకుని వచ్చింది. వాళ్ల చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లు క్రిస్మస్ ఆరాధనకు అందరూ ఒకే రకం చీరలు కడతారు. తెల్ల నూలు, సన్నటి ఎర్రంచు. ఏటా మిషను చీరలే కొనేవాళ్లు.

"ఈసారి చేనేత కట్టుకుందాం, నేను తెప్పిస్తాను అన్నాను కామాక్షీ," అంది టీచరమ్మ. "ఒకరిద్దరు మూతి విరిచారు. కట్టుకుని చూశాక మాట్లాడండి అన్నాను. ఇవి బాగుంటే మిగతా చర్చిల వాళ్లు కూడా నిన్నే అడుగుతారు. దేవుని చిత్తమైతే ఏడాది పొడుగునా నీకు పని ఉంటుందమ్మా."

ఎనిమిది చీరలు. ఎనిమిదింటికీ కలిపి నిలువు పోగులు ఒకటే పడుగుగా సాగుతాయి. అప్పుడు గడపలో నిలబడి అంతా విన్న మా ఆయన, కప్ప వచ్చిన రోజు అన్నం తింటూ తేల్చేశాడు.

"సరే. క్రిస్మస్ లోపల ఈ పడుగు దిగిందా, మగ్గం ఉంటాది. దిగలేదా, గుంట పూడుస్తా, నువ్వు వ్యానెక్కాల."

"ఎక్కుతాలే."

"మాటేనా?"

"మాటే."

కోపంలో ఇచ్చిన మాట. కోపంలో ఇచ్చినా మాట మాటే కదా.

*

కొత్త పడుగుకు ముందు గంజి పెట్టాలి. గంజి తాగని నూలు మగ్గం దెబ్బకు ఆగదు. అది ఇంట్లో కుదిరే పని కాదు. వీధి పొడవునా పడుగును కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి. ఎండ మరీ కాయకూడదు, వాన చుక్క రాలకూడదు. విడవలూరు దాటి సముద్రం వైపున్న మా ఊళ్లో, కార్తీకంలో అలాంటి పొద్దు కోసం కాచుక్కూర్చోవాలి.

కూర్చున్నాం. రోజూ తెల్లారి లేచి ఆకాశం చూడటం, ఉసూరుమనడం. టీవీలో ఒకరోజు అల్పపీడనం అంటారు, ఇంకోరోజు వాయుగుండం అంటారు. వాన వల్ల శ్రీహరికోటలో రాకెట్టు కూడా వాయిదా పడిందన్నారు. మా అత్తకు అదొక ఊరట.

"అంత చదువుకున్నోళ్లకే తెరిపియ్యలేదంట. మనమెంత."

"క్రిస్మస్ లోపల ఎగరెయ్యకపోతే కోట పూడుస్తామని వాళ్లకెవురూ చెప్పలేదు గదత్తా."

మా ఆయన విననట్టు కంచంలోకి చూసుకుంటూ తిన్నాడు.

చివరికి ఒక ఆదివారం తెరిపిచ్చింది. షెడ్డుకు సెలవు కాబట్టి వెంకటశేషమ్మ కూడా కొంగు దోపుకుని వచ్చింది. వీధి చివరింటి కామాక్షయ్య మామ ఎవరూ పిలవకుండానే కర్ర పట్టుకుని దిగాడు. మగ్గం మానేసి చాలా కాలమైనా, వీధిలో పడుగు సాగితే ఆయనది కాపలా పని. సాగిన పడుగును అడ్డంగా ఎవరూ దాటకూడదు. మనుషులనే కాదు, ఆయన కోడిని కూడా దాటనివ్వడు.

మా అత్త తలస్నానం చేసి, గంగాళానికి పసుపు కుంకుమ పెట్టి గంజి కాచింది. ఈ గంజికొక కట్టుబాటుంది. దాన్ని ఎవరూ నోట పెట్టకూడదు. దేవుడికి పెట్టకముందే నైవేద్యం ఎంగిలి చేస్తామా? ఇదీ అంతే, ముందు పడుగు తాగాలి. చిక్కదనం కంటితో చూడాలి, జిగురు వేళ్ల మధ్య చూడాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తెలియక గరిటె నాకబోతే మా అత్త నా చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తే.

కుంచెలు వేశాం. నడుములు పడిపోయేదాకా దువ్వాం. మామూలుగా పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పడుగు ఆరి, చేత్తో తడితే గలగలమనాలి. ఆ రోజు గలగల లేదు. ముట్టుకుంటే చేతికి అంటుకుంటోంది.

"గాలిలో చెమ్మ," అంది వెంకటశేషమ్మ.

"ఎండలో పస లేదు," అన్నాడు కామాక్షయ్య మామ.

సాయంత్రం మబ్బు పట్టేసరికి ఇక చేసేది లేక చుట్టి ఇంట్లోకి తెచ్చాం.

తర్వాత అతుకు పని. మా మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీ చెయ్యం. ఒక పడుగు అయిపోయాక దాని కొసలను అచ్చులోనే వదిలేస్తాం. అచ్చంటే దువ్వెన పళ్ల లాంటి చట్రం. ఆ పాత కొస ఒక్కోదానికి కొత్త పోగు ఒక్కోటి కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. మా అత్త వాళ్ల అత్త వేసిన పడుగు కొసకు మా అత్తది, మా అత్త కొసకు నాది. అలా ఎవరూ తెంపకుండా వచ్చిన వరస.

వెంకటశేషమ్మ నా పక్కన కూర్చుంది. అతుకులో ఒకప్పుడు ఈ వీధికే ఆమె పేరు. మాట్లాడుతూ, చూడకుండా మెలిపెట్టేది. ఆ రోజు పోగు తీసుకుంటే జారిపోయింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ జారింది. రెండు వేళ్లనూ కంటి ముందు పెట్టుకుని చూసుకుంది.

"స్పర్శ తెలవడంలేదుమే," అని నవ్వింది. "ఐసులోనే వదిలేసొచ్చినానేమో."

నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాను. చీర కొంగు కింద నా వేళ్లు నేనే ఒకసారి ఒత్తుకుని చూసుకున్నాను.

*

నెయ్యడం మొదలుపెట్టాను. జానెడు నేస్తే నాలుగు పోగులు తెగేవి. అవి అతికి ఇంకో జానెడు నేస్తే మరో పక్కన తెగేవి. పోగులు ఒకదానికొకటి అంటుకుని విడివడటం లేదు. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె మధ్యలో ఆగిపోతోంది. నూలు మంచిది కాదని నేను, నా చెయ్యి బరువని మా అత్త, అన్నిటికీ గుంటలో తడే కారణమని మా ఆయన. అప్పటికి గుంటలో మడమ లోతు నీళ్లు నిలిచాయి. పొద్దున్నే బకెట్టుతో ఎత్తిపోసి, ఇటుకలు పరిచి, వాటి మీద కాళ్లు పెట్టుకుని నేస్తున్నాను. మధ్యాహ్నానికి ఇటుకలు మునిగేవి.

ఈ మధ్యలో టీచరమ్మ ఫోను.

"పాట నేర్చుకోవడం అయిపోయింది కామాక్షీ. నువ్వెంతవరకు వచ్చావమ్మా?"

"అవతా ఉండాయి టీచరమ్మా."

"నీ కోసం ప్రార్థన చేస్తున్నాను."

"ఎండ కోసం చెయ్యండి టీచరమ్మా, చాలు."

ఆవిడ నవ్వింది. నేను ఫోను పెట్టేసి కూర్చున్న చోటనే ఏడ్చాను. ఆ నాటికి నేసింది ఒక చీరలో సగం కూడా లేదు. అది కూడా ముడుల మయం.

అసలు సంగతి మేక బయటపెట్టింది.

ఆ రోజు వసారాలో కుంచెలు ఆరేసి ఉన్నాయి. ఆ ఆదివారం గంజి వాటికి ఇంకా అట్టకట్టి ఉంది. ఎవరిదో మేక వచ్చి ఒక కుంచెను కాలితో తొక్కిపట్టి నాకుతోంది. నేను చీపురు పట్టుకుని లేచాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఉండుమే. గంజిని మేక ఇంత ఇదిగా నాకదు. ఉప్పయితేనే ఇట్ట నాకుతాది."

మేకను తోలేసి, కుంచె మీద తడి వేలు రాసి నాలుకకు తాకించింది. తర్వాత నేరుగా దొడ్లోకి పోయి, బోరు కొళాయి తిప్పి, దోసిలి పట్టి తాగింది. తుపుక్కున ఊసింది.

నేనూ తాగి చూశాను. సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి పోయే నీళ్లకూ దీనికీ పెద్ద తేడా లేదు.

నమ్మండి, నమ్మకపోండి, ఆ నీళ్లు మేము నోట పెట్టి ఏళ్లయింది. తాగేదీ వండేదీ క్యాను నీళ్లు. బోరు నీళ్లు గిన్నెలకు, బట్టలకు, పడుగుకు. స్నానం చేస్తే పెదవి మీద ఉప్పు తగిలేది, సముద్రం గాలి అనుకున్నాం. సబ్బు నురగ రాకపోతే సబ్బు కంపెనీ వాణ్ణి తిట్టుకున్నాం. గంజిని నోట పెట్టకూడదన్న కట్టుబాటు ఉండనే ఉంది. ఉప్పుకు చెమ్మను పట్టుకునే గుణం. ఆ పడుగు ఇంకెప్పుడు ఆరుతుంది?

మా ఆయన అప్పుడే అన్నానికి వచ్చాడు. మా అత్త చెంబుడు బోరు నీళ్లు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"తాగరా అబ్బయ్యా."

ఆయన చెంబు వైపు చూశాడు. తాగలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ట ఉండాయి?"

"వెనకమాల కొత్త గుంట నింపినప్పటి నుంచి అయ్యుంటాది," అన్నాడు మెల్లగా. "వినాయక చవితి అప్పుడు."

"నీకు తెలుసునా?"

"ఉప్పుటేరు నీళ్లు తోడి అందులోకి మోటారేసింది నేనే గదమ్మా. ఇంత దూరం ఊరతాదని అనుకోలా. మనం తాగేది క్యాను నీళ్లే గదా అనుకున్నా."

మగ్గం గుంటలోకి ఊరే నీళ్లు కూడా ఎక్కడివో అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్నో అనాలనుకున్నాను. ఆయన ముందున్న కంచం చూశాను. అందులో అన్నం ఆ గుంటల మీద వచ్చిందే, నేను తినేదీ అదే. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను.

*

దారి ఒక్కటే. నేసింది కోసేసి, పడుగు మొత్తం దించి, మంచినీళ్లలో ఉతికి, మళ్లీ గంజి పెట్టాలి. పడుగు మధ్యలో కత్తెర వెయ్యడం మా ఇళ్లలో మహా పాపం. కత్తెర పడుగు మీద ఆనించి మళ్లీ తీశాను. మా అత్త లాక్కుంది.

"ఆ పాపమేదో నాకు రానీ. మోసేదానికి నాకు ఎక్కువ కాలం లేదు."

కోసింది. ముడులతో నిండిన ఆ ముక్కను చుట్టి మగ్గం గుంజకు వేలాడదీసింది. అచ్చులో కొసలు మాత్రం అలాగే ఉంచాం.

మరి మంచినీళ్లెక్కడివి? పడుగు ఉతకడానికి, జాడించడానికి, గంజికి ఎన్ని క్యాన్లు సరిపోతాయి? నేను దిగాలుగా గడపలో కూర్చున్నాను. బంగాళాఖాతంలో మరో వాయుగుండమట, మూడు రోజులు వాన వదలదట. మధ్యాహ్నమే చీకటి పడినట్టు కమ్ముకొచ్చింది. ఈ వానను తిట్టడానికి నా దగ్గర తిట్లు కూడా అయిపోయాయి.

వెనక నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. మా ఆయన అటక మీది గంగాళం దించి, బూడిదతో తోమి, చూరు కిందికి ఈడ్చుకొస్తున్నాడు. దాని పక్కన నీలం డ్రమ్ము, నా పెళ్లినాటి ఇత్తడి అండా, బకెట్లు, పప్పు వండే గిన్నె కూడా.

"ఏందయ్యా ఇది?" అన్నాను, మాట్లాడకూడదన్నది మరిచిపోయి.

"వాన గదా," అన్నాడు.

గిన్నెలు నిండుతుంటే ఒకదాని తర్వాత ఒకటి లోపలికి మోసుకొచ్చాడు. తల మీద గోనెపట్టా వేసుకోవడం కూడా మరిచాడు. పోగులు చిక్కుపడకుండా మధ్య మధ్య తాళ్లు కట్టి, ఆ నీళ్లలో పడుగును ఉతికాం. చివరి జాడింపు నీళ్లు మా అత్త నాలుకకు తాకించి తల ఊపింది. ఒక గంగాళం నీళ్లు గంజికని మూతపెట్టి ఉంచాం.

ఇప్పుడు కావలసింది మళ్లీ ఒక తెరిపి పొద్దు. డిసెంబరు వచ్చేసింది. తడి పడుగు ఇంట్లో దండేల మీద వేలాడుతోంది, ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే బూజు పడుతుంది. ఇంత యాతన చేసి వ్యాను ఎక్కాలా అని ఒకసారి, పోనీలే ఎక్కితే అయిపోతుంది, ఈ గుండెదడ ఉండదు కదా అని ఒకసారి అనిపించేది.

*

తెరిపిచ్చింది, కానీ ఆదివారం కాదు. పనిరోజు. ఉత్తరపు గాలి చల్లగా తిరిగింది, ఆకాశం కడిగినట్టుంది. తెల్లారకముందే వీధిలో కర్రలు నిలిపి పడుగు సాగదీశాం. మా ఇంటి నుంచి కామాక్షయ్య మామ ఇంటి దాకా వచ్చింది.

మా అత్త గంజి గంగాళం వీధిలోకి తెచ్చి దించింది. కామాక్షయ్య మామ అలవాటుగా దండం పెట్టుకున్నాడు. నేను కుంచె ముంచబోయాను. "ఆగు" అంది మా అత్త. చూపుడు వేలు గంజిలో ముంచి, అందరం చూస్తుండగానే నోట్లో పెట్టుకుంది.

కామాక్షయ్య మామ చేతిలో కర్ర కదిలింది.

"ఆదిశేషమ్మా, ఎంగిలి గదా."

"ఎంగిలయితే నాకు తగల్నీ మామా. ఉప్పయితే పడుగుకు తగల్తాది."

మా అత్త గరిటెతో కాస్త తీసి ఆయన ముందు చాపింది.

"నువ్వు కూడా చూడు. నా నాలిక్కి వయసైంది, నమ్మేదానికి లేదు."

ఆయన కర్ర చంకలో పెట్టుకుని, చిటికెన వేలు తాకించి చప్పరించాడు.

"చప్పగా ఉండాది," అన్నాడు. "కానియ్యండి."

సగం పడుగుకు గంజి పట్టించామో లేదో, వీధి మొదట్లో వ్యాను హారను మోగింది. తడి పడుగును ఎత్తి పక్కన పెట్టడం కుదరదు, ఎత్తితే పోగులన్నీ ముద్దైపోతాయి. డ్రైవరు తల బయటపెట్టాడు.

"అక్కా, పక్కకు తీయండి. ఇంకా రెండూర్లు తిరగాల. లేటయితే షెడ్డు గేటు వేసేస్తారు."

వ్యాను నిండా ఆడవాళ్లు. గేటు వేసేస్తే వాళ్లందరికీ ఆ రోజు కూలి పోయినట్టే. నా చీర కోసం వాళ్ల పొట్ట కొట్టాలా? తీసేద్దామని చెప్పబోతూ పడుగు అవతలి కొస వైపు తిరిగాను. కామాక్షయ్య మామ కర్ర అడ్డంపెట్టి నిలబడ్డాడు. డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు.

పడుగు అవతలి కొస పట్టుకున్న మా ఆయన, తాడును గుంజకు బిగించి వ్యాను దగ్గరికి నడిచాడు. మొలతాడుకున్న తాళాల గుత్తి తీశాడు.

"గుంటల కట్ట మీదుగా పోదాం పా. గేటు తీస్తా."

"అన్నా, కట్ట మీద బండ్లు రాకూడదని చంద్రమౌళి గారు..."

"నేను చెప్పుకుంటాలే. దారి చూపిస్తా, మెల్లగా పోనీ."

మా ఆయన వెళ్లి డ్రైవరు పక్కనున్న సీట్లో కూర్చున్నాడు. వ్యాను వెనక్కి తిరగబోతుంటే దాని తలుపు తెరుచుకుంది. అప్పుడే ఎక్కిన వెంకటశేషమ్మ దిగింది. తెల్ల టోపీ తీసి రొంటిన దోపుకుంది.

"నీకు కూలి పోతాదక్కా," అన్నాను.

"అతకడమయితే చేతగాదు. కుంచె పట్టేదానికి స్పర్శ ఎందుకుమే? ముందు నడు."

నడిచాను. వెనక ఆమె కుంచె చప్పుడు వినబడుతూనే ఉంది. పొద్దెక్కింది. మా అత్త గంగాళం పక్కన పీట వేసుకుని కూర్చుని, పడుగు వైపే చూస్తోంది. నడినెత్తికి ఎండ వచ్చాక నేను పడుగును చేత్తో తట్టాను. గలగలమంది. ఇంకోసారి తట్టాను. మా అత్త మళ్లీ తట్టమని సైగ చేసింది.

*

తడి కట్ట మీద వ్యాను చక్రాల గాళ్లు లోతుగా పడ్డాయి. చంద్రమౌళి వచ్చి చూసి నానా మాటలూ అని, వారం పాటు పనిలోకి రావద్దని మా ఆయనకు చెప్పాడు. ఈయన ఆ సంగతి ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున గుంటలో నీళ్లు ఎత్తిపోసి, ఇటుకలు పరిచి, అత్తా నేనూ కొసలు అతుకుతుంటే, రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. నేను వంటకు లేచినప్పుడు ఆయన మగ్గం ఎక్కేవాడు. నాలుగేళ్లయినా చెయ్యి మరిచిపోలేదు. మొదటి రోజు మాత్రం నడుం పట్టేసి "అబ్బా" అన్నాడు.

"మంచం ఎయ్యమంటావా, బండల మీద?" అన్నాను.

"గమ్మునుండు," అన్నాడు, నవ్వుతూనే.

పోగులు తెగలేదు. క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నానికి పడుగు దిగింది. కోసేసిన ముక్క పోగా ఏడు చీరలే అయ్యాయి. ఒకటి తక్కువ. ఆటోలో నెల్లూరు పోతున్నంతసేపూ మూట విప్పి చీరలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. టీచరమ్మ ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ చీరలు ఒక్కోటే విప్పి, అంచు వేళ్లతో తడిమి చూసింది.

"ఎనిమిదోది నాదే కదమ్మా," అంది. "నా దగ్గర ఉంది."

మర్నాడు ఆరాధనలో చివరి వరసలో కూర్చుని చూశాను. ఏడుగురు మా చీరల్లో, పక్కన టీచరమ్మ మా అత్త నేసిన పాత చీరలో నిలబడి పాడారు. ఏం పాడారో నాకు తెలియదు. నేను కుచ్చిళ్లు ఎలా పడ్డాయో చూస్తూ కూర్చున్నాను.

ఈస్టరుకు ఇంకో చర్చి వాళ్లు అడిగారు. ఆ పడుగూ దిగింది. రావద్దన్న వారం గడవగానే చంద్రమౌళి పిలిపిస్తే మా ఆయన మళ్లీ గుంటల్లోకి పోయాడు. పోక ఏం చేస్తాడు? బోరు నీళ్లు ఉప్పగానే ఉన్నాయి. కొత్త గుంట అక్కడే ఉంది. మగ్గం పూడ్చే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎప్పుడైనా ఎత్తుతాడేమోనన్న భయం నాకు పోలేదు.

కోసేసిన ఆ ముక్క ఇంకా మగ్గం గుంజకే వేలాడుతోంది. నేను దాన్ని ఉతకలేదు. గాలి పొడిగా ఉన్నన్నాళ్లూ అది మామూలు గుడ్డే. వాన రాబోతుంటే మాత్రం మెత్తబడి, చేతికి తడిగా తగులుతుంది. టీవీ వాడికంటే ముందే చెబుతుంది.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఈ ఏడాది క్రిస్మస్‌కు రెండు పడుగులు ఒప్పుకున్నాను. ఇవాళ పొద్దున పనికి కూర్చోబోతూ ఆ గుడ్డను ముట్టుకున్నాను. తడిగా తగిలింది. అత్తను పిలుద్దామని తలుపు దాకా వచ్చాను.

చూరు కింద గంగాళం అప్పటికే తోమి, మూతి పైకి పెట్టి ఉంది, దాని పక్కన డ్రమ్ము, అండా, బకెట్లు, పప్పు గిన్నె. మా ఆయన గుంటల పనికి పోయి చాలాసేపయిందట.